మాటకీ దెబ్బకీ మధ్య నాలుగు రోజులు

విశాఖ గాజువాకలో ఒక హైస్కూల్. శనివారం సాయంత్రం బడి వదిలాక గేటు బయట, బస్టాపు పక్కన ఇద్దరు తొమ్మిదో తరగతి కుర్రాళ్లు కొట్టుకున్నారనుకుందాం. ఒకడి చొక్కా చిరిగింది, ఇంకొకడి పెదవి పగిలింది. సోమవారం హెచ్‌ఎం గదిలో విచారణ. "ముందు ఎవడు చెయ్యెత్తాడు?" అన్నదే మొదటి ప్రశ్న, దాదాపు చివరి ప్రశ్న కూడా అదే. ఇద్దరి చేతా సారీ చెప్పించి, షేక్‌హ్యాండ్ ఇప్పించి, ఇంకోసారి ఇలా జరిగితే టీసీ చేతిలో పెడతామని చెప్పి పంపేస్తారు. బడి లెక్కలో ఆ గొడవ రెండు నిమిషాలది.

నిజానికి అది బుధవారం పుట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఏడాదే వచ్చి చేరిన కుర్రాడు క్లాసులో "ఏటండీ?" అన్నాడు. వెనక బెంచీలు నవ్వాయి. ఇంటర్వెల్‌ అయ్యేసరికి అదే అతని పేరైంది. గురువారం ఆ పేరుతో అతని ఫొటో ఇన్‌స్టాగ్రామ్ గ్రూపులో పడింది. శుక్రవారం అతని పక్కవాళ్లు "ఊరుకుంటే ఇంకా నెత్తికెక్కుతాడురా" అన్నారు. ఆ ఫొటో పెట్టినవాడి పక్కవాళ్లు "నీ సంగతి చూస్తానన్నాడంట" అని మోసుకెళ్లారు. శనివారం నాటికి వెనక్కి తగ్గడం ఇద్దరికీ పరువు సమస్య అయిపోయింది.

ఉదాహరణ కల్పించినదే గానీ, పిల్లల మధ్య నాలుగేళ్లు పనిచేసిన ఏ మాస్టారికీ ఇది కొత్తగా అనిపించదు. బడి భద్రత అనగానే మనం సీసీ కెమెరా, ప్రహరీ గోడ, గేటు దగ్గర వాచ్‌మన్ గురించి మాట్లాడుకుంటాం. అవి కావాలి. కానీ అవి చూడగలిగేది శనివారాన్ని మాత్రమే. బుధవారం నుంచి శుక్రవారం వరకు జరిగినదంతా మాటల్లో, నవ్వుల్లో, ఫోన్లలో జరిగింది. దాన్ని ఆపగలిగినవాళ్లు అప్పుడు అక్కడ ఉన్న పిల్లలే. ఎలా ఆపాలో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. లెక్కలు నేర్పినట్టే ఇదీ నేర్పాలి.

శిక్షతో పని జరిగిపోతుందనే నమ్మకం మనలో లోతుగా ఉంది. గోడకుర్చీ, గుంజీలు, బెత్తం చూసి పెరిగినవాళ్లే ఇవాళ తల్లిదండ్రులు, టీచర్లు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టి చూసినా, చెయ్యెత్తిన కుర్రాడిని అదే తప్పుకి పెద్దవాళ్లు చెయ్యెత్తి కొడితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే: బలం ఉన్నవాడు కొట్టవచ్చు, తనకి ఇంకా అంత బలం రాలేదు. ఆ బలం వచ్చే రోజు కోసం వాడు ఎదురుచూస్తాడు.

బెత్తం పోయిన చోట సస్పెన్షన్, టీసీ బెదిరింపు వచ్చాయి. చిన్న తప్పుకైనా సరే కఠిన శిక్ష వేసి తీరాలనే విధానాన్ని అమెరికాలో చాలా ఏళ్లు నడిపారు. దాని ఫలితాలను పరిశీలించిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ బృందం 2008లో ప్రచురించిన నివేదికలో, ఆ విధానం వల్ల బడులు సురక్షితమయ్యాయని చెప్పడానికి ఆధారాలు దొరకలేదని తేల్చింది. మన దగ్గర టీసీ ఇచ్చి పంపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ కుర్రాడు పక్క వీధిలో ఇంకో బడిలో చేరతాడు, లేదంటే చదువు మానేస్తాడు. కోపం మాత్రం అతనితోనే వెళ్తుంది.

బలవంతపు సారీ కూడా అంతే. ఎందుకు బాధ కలిగిందో ఒకడు చెప్పలేదు, ఎందుకు అన్నాడో ఇంకొకడు ఆలోచించలేదు, చేతులు మాత్రం కలిపారు. హెచ్‌ఎం గది గుమ్మం దాటగానే ఆ చేతులు విడిపోతాయి.

మరి నేర్పాల్సింది ఏమిటి? మొదటిది శరీరానికి సంబంధించినది. కోపం మాటగా మారకముందే ఒంట్లో కనిపిస్తుంది. చెవులు వేడెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది, పిడికిలి బిగుస్తుంది. మెదడులో ఆవేశానికి కళ్లెం వేసే ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్ల వయసు దాకా పడుతుందని నాడీశాస్త్రం చెబుతోంది. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ కళ్లెం ఇంకా తయారవుతూనే ఉంటుంది. అందుకే "కోపం తగ్గించుకో" అని ఉపదేశిస్తే సరిపోదు. ఆ గుర్తులు కనిపించగానే అక్కడి నుంచి రెండడుగులు పక్కకి వెళ్లడం, కుళాయి దగ్గర మొహం కడుక్కోవడం, నెమ్మదిగా ఊపిరి వదలడం వంటివి అలవాటు చేయించాలి. ఒడ్డున కూర్చోబెట్టి ఎంత చెప్పినా ఈత రానట్టే, ఇదీ చేయించకుండా రాదు. కోపం శత్రువనీ శాంతమే రక్ష అనీ చెప్పే పద్యం మన పిల్లలందరికీ నోటికి వచ్చు. దాన్ని సాధన చేసే గంట మాత్రం టైంటేబుల్లో లేదు.

రెండోది మాట. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. అహింసాత్మక సంభాషణ అనే పద్ధతిని రూపొందించిన అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ దాన్ని నాలుగు మెట్లుగా చెప్పాడు. జరిగినదాన్ని తీర్పు కలపకుండా చెప్పడం, దానివల్ల ఏమనిపించిందో చెప్పడం, తనకి ఏం కావాలో గుర్తించడం, ఎదుటివాడిని ఏం చేయమంటున్నామో అడగడం. పద్ధతి మంచిదే. అయితే దాన్ని మాటకి మాట తెలుగు చేసి, "నువ్వు నన్ను ఆ పేరుతో పిలిచినప్పుడు నాకు బాధాకరమైన భావన కలిగింది" అనమంటే ఏ పిల్లాడూ అనడు. అన్నాడంటే క్లాసంతా ఇంకోసారి నవ్వుతుంది.

వాడి నోట పలికే మాట వేరు. "ఒరేయ్, అందరి ముందూ అలా పిలిస్తే తల కొట్టేసినట్టుంటాది. నా పేరు పెట్టి పిలు." ఇందులో నాలుగు మెట్లూ ఉన్నాయి. ఏం జరిగిందో ఉంది, ఏమనిపించిందో ఉంది, మర్యాద కావాలన్నది ఉంది, ఏం చేయాలో కూడా ఉంది. తిట్టు లేదు. విశాఖ బడుల్లో ఈ పాఠం చెప్పే టీచరు పుస్తకంలోని వాక్యం అప్పజెప్పించకూడదు. ఇలాంటి సందర్భాలిచ్చి, "నువ్వైతే ఎలా అంటావు?" అని వాళ్ల చేతే అనిపించాలి. మంచి వాక్యాలు పిల్లల దగ్గరే దొరుకుతాయి.

మాట కంటే కష్టమైనది వినడం. ఎదుటివాడు చెప్పింది విని, "అంటే నీకు ఇలా అనిపించిందన్నమాట" అని తిరిగి చెప్పగలగాలి. ఒప్పుకోనక్కర్లేదు, చెబితే చాలు. ఈ సాధనను ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ముందు చిన్న విషయాలతో మొదలుపెట్టాలి. కిటికీ పక్క సీటు ఎవరిది లాంటి తగువులతో. జూన్ ఉక్కపోతలో విశాఖ క్లాసురూముల్లో కిటికీ సీటుకి ఉన్న విలువ అందరికీ తెలిసిందే. "కిటికీ సీటు నాకే కావాలి" అని ఇద్దరూ అంటారు. ఎందుకని అడిగితే ఒకడికి గాలి కావాలి, ఇంకొకడికి వెలుతురు చాలక బోర్డు కనిపించడం లేదు. కోరిక ఒకటే, కారణాలు వేరు. కారణం బయటికొస్తే ఒకరిని ఫ్యాను కిందకి, ఒకరిని ముందు బెంచీకి మార్చవచ్చు. ఈ కిటుకు పదేళ్ల పిల్లలకి అందుతుంది. పెద్దయ్యాక ఆస్తి తగాదాలోనూ అదే పనికొస్తుంది.

విశాఖ విషయంలో ఇంకో సంగతి ఉంది. ఇది వలసలతో పెరిగిన నగరం. ఓడరేవు, నౌకాదళం, రైల్వే, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, ఫార్మా కంపెనీలు ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలను తెచ్చాయి. ఒకే తరగతి గదిలో విజయనగరం, శ్రీకాకుళం పల్లెల పిల్లలు, జాలరిపేటల పిల్లలు, ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, బదిలీల మీద వచ్చిన హిందీ, బెంగాలీ కుటుంబాల పిల్లలు ఉంటారు. హాస్టళ్లలో అరకు, పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. ఈ కలగలుపు నగరానికి పెద్ద ఆస్తి. కానీ ఎక్కిరింతకి మొదటి సరుకు కూడా ఇక్కడే దొరుకుతుంది. యాస మీద, ఒంటి రంగు మీద, తండ్రి చేసే పని మీద, ఒంటికి అంటిన చేపల వాసన మీద మాటలు పడతాయి.

వాడుక భాషకి గౌరవం కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఈ ఉత్తరాంధ్ర మనిషే. సవరల భాష నేర్చుకుని, వాళ్లకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్నవాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అదే నేల మీద ఒక పిల్లవాడు తన ఇంటి మాట మాట్లాడినందుకు నవ్వులపాలు కావడం బాధ కలిగిస్తుంది. ఆ రోజు ఉపన్యాసాల పోటీతో పాటు, ప్రతి విద్యార్థీ తన ఊరి మాటలు పది తెచ్చి క్లాసుకి నేర్పితే, "ఏటి" అన్నది ఎగతాళి మాటగా ఉండదు.

వేర్వేరు నేపథ్యాల పిల్లల్ని ఎలా కలపాలన్నదానికి ఒక పాత ప్రయోగం దారి చూపిస్తుంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే బడుల్లోకి వచ్చినప్పుడు గొడవలు పెరిగాయి. మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బృందం పాఠం చెప్పే తీరునే మార్చింది. పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతావాళ్లకి చెప్పాలి. ఎవరినైనా వెక్కిరించి నోరు మూయిస్తే ఆ ముక్క మొత్తం జట్టుకే దక్కదు.

దీన్ని విశాఖ ఓడరేవు పాఠంతో చేసి చూడవచ్చు. ఒకరికి గాలివానల నుంచి రేవుకి అడ్డుగా నిలిచే డాల్ఫిన్స్ నోస్ కొండ, ఒకరికి 1933లో రేవు ప్రారంభం, ఒకరికి 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టిన నౌకానిర్మాణ కేంద్రం, అక్కడ 1948లో నీళ్లలోకి దిగిన జల ఉష ఓడ, ఇంకొకరికి ఫిషింగ్ హార్బర్. ఆ చివరి ముక్కని జాలరిపేట పిల్లవాడి కంటే బాగా ఎవరు చెప్పగలరు? నిన్నటిదాకా చేపల వాసన అని ముక్కు మూసుకున్నవాడు ఇవాళ మార్కుల కోసమైనా అతన్ని శ్రద్ధగా వినాలి. దీనికి కొత్త సిలబస్ అక్కర్లేదు, ఉన్న పాఠమే చాలు.

ఇక పిల్లల మధ్యవర్తిత్వం. ఈ పద్ధతి అమెరికా బడుల్లో 1980ల్లో విస్తరించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇరుగుపొరుగు తగాదాలు తీర్చడానికి పెట్టుకున్న కమ్యూనిటీ బోర్డులు దాన్ని బడుల్లోకి తీసుకెళ్లిన తొలి సంస్థల్లో ఒకటి. మనకి పంచాయితీ కొత్త కాదు కాబట్టి, రెండింటికీ ఉన్న తేడా ముందు చెప్పుకోవాలి. పంచాయితీలో పెద్దమనిషి రెండు వైపులా విని తీర్పు చెబుతాడు, తప్పు వేస్తాడు. పిల్లల మధ్యవర్తికి తీర్పు చెప్పే అధికారం లేదు. తగువు పడ్డవాళ్లే పరిష్కారం వెతుక్కునేలా మాట నడిపించడం వరకే అతని పని.

జరిగే తీరు ఇలా ఉంటుంది. శిక్షణ పొందిన ఇద్దరు విద్యార్థులు, కుదిరితే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, తగువు పడ్డ ఇద్దరితో ఒక గది మూలలో కూర్చుంటారు. టీచరు కనుచూపు మేరలో ఉంటారు, మాటలో కల్పించుకోరు. మధ్యలో అడ్డు రాకూడదు, తిట్టకూడదు, ఇక్కడి మాట బయట చెప్పకూడదు అనే మూడు షరతులకి ముందే ఒప్పుకోవాలి. ఒకరు చెబుతారు, రెండోవాళ్లు అది తమ మాటల్లో తిరిగి చెబుతారు. తర్వాత వంతు మారుతుంది. "ఇక మీదట ఏం జరిగితే నీకు సరిపోతుంది?" అన్నది మధ్యవర్తి అడిగే ముఖ్యమైన ప్రశ్న. చివరికి కుదిరిన మాట కాగితం మీద రాసుకుంటారు. మన ఉదాహరణలో అయితే ఫొటో పెట్టినవాడు దాన్ని తీసేయాలి, గ్రూపులో ఉన్నవాళ్లకి తనే చెప్పాలి, శనివారం కొట్లాట కోసం ఎదురుచూస్తున్న స్నేహితులకి ఇద్దరూ కలిసి "అయిపోయింది" అని చెప్పాలి. ఈ చివరిది చాలా ముఖ్యం. కొట్లాట ఆగకుండా చేసేది చుట్టూ చూస్తున్నవాళ్ల ముందు పరువే కాబట్టి, రాజీ కూడా వాళ్ల ముందు గౌరవంగా కనిపించాలి. వారం తర్వాత మధ్యవర్తులు మళ్లీ పలకరిస్తారు.

మధ్యవర్తులుగా ఎవరిని ఎంచుకోవాలి? ఫస్ట్ ర్యాంకు వచ్చేవాళ్లనీ క్లాస్ లీడర్లనీ మాత్రమే పెడితే ఇది టీచర్ల గూఢచారి దళంగా కనిపిస్తుంది. ఎప్పుడూ గొడవల్లో ఉండే కుర్రాడిలో కూడా నలుగురూ వినే శక్తి ఉంటుంది. అలాంటివాళ్లని ఒకరిద్దరిని తీసుకోవాలి. ఈ పనిలో ఎక్కువ మారేది మధ్యవర్తిగా ఉన్న విద్యార్థే. ఎదుటివాళ్ల కోపాన్ని పది సార్లు ఓపికగా విన్నవాడు తన కోపాన్ని కూడా గుర్తుపట్టగలుగుతాడు.

అయితే ఇక్కడ ఒక గీత గట్టిగా గీయాలి. ఇది గీయకపోతే మొత్తం ప్రయత్నమే ప్రమాదకరం. తగువు వేరు, వేధింపు వేరు. తగువులో ఇద్దరి బలం కాస్త అటూ ఇటూగా సమానం. వేధింపులో ఒకడి దగ్గర బలం ఉంటుంది, రెండోవాడు రోజూ భరిస్తాడు. అలాంటి ఇద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి "మీలో మీరు సర్దుకోండి" అంటే బాధపడేవాడిని మరోసారి అప్పజెప్పినట్టే. బడుల్లో వేధింపులు తగ్గించే కార్యక్రమాల మీద వచ్చిన అధ్యయనాలను పరిశోధకులు మరియా టోఫీ, డేవిడ్ ఫారింగ్టన్ 2011లో కలిపి విశ్లేషించారు. మొత్తం మీద ఆ కార్యక్రమాలు వేధించడాన్ని 20 నుంచి 23 శాతం తగ్గించాయి. కానీ వేధింపుల పరిష్కారాన్ని తోటి పిల్లలకే అప్పగించే అంశం ఉన్న చోట బాధితులు ఎక్కువయ్యారు. మధ్యవర్తిత్వం మీద ఉత్సాహం ఉన్న ప్రతి బడీ ముందు ఈ మాట తెలుసుకోవాలి.

వేధింపు, ర్యాగింగ్, కులం పేరుతో అవమానం, లైంగిక వేధింపు, ఆయుధం ఉన్న గొడవ ఏదైనా సరే, అది పెద్దవాళ్ల బాధ్యత. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి, బడి పరువు కోసం లోపల సర్దుబాటు చేస్తే అదే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లలకి నోటికి వచ్చి ఉండాలి, గోడ మీద రాసి ఉంటే సరిపోదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి 2022లో మొదలైన టెలి మానస్ 14416 కూడా.

వేధింపుల విషయంలో పిల్లలు చేయగలిగిన పని వేరే ఉంది. 1980ల్లో నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నాక, మనస్తత్వవేత్త డాన్ ఓల్‌వెయస్ బడి మొత్తాన్ని కలుపుకునే కార్యక్రమం మొదలుపెట్టాడు. తర్వాత ఫిన్లాండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయం తయారుచేసిన కివా కార్యక్రమం చుట్టూ నిలబడి చూసేవాళ్ల మీద దృష్టి పెట్టింది. వేధించేవాడికి కావాల్సింది ప్రేక్షకులు. వాళ్లు నవ్వడం మానేస్తే, ఫార్వర్డ్ చేయడం మానేస్తే, తర్వాత వెళ్లి బాధపడ్డవాడి పక్కన కూర్చుంటే ఆట సగం ఆగిపోతుంది. మన ఉదాహరణలో బుధవారం వెనక బెంచీల్లో నవ్వినవాళ్లు పది మంది ఉన్నారనుకుంటే, అందులో ముగ్గురు నవ్వకపోయినా శనివారం దాకా వచ్చేది కాదేమో.

టైమ్ ఎక్కడిది అన్నది టీచర్ల న్యాయమైన ప్రశ్న. సిలబస్, యాప్‌లలో హాజరు, ఫొటోలు, పరీక్షలు అన్నీ వాళ్ల మీదే ఉన్నాయి. 2020లో కేంద్రం మొదలుపెట్టిన బడి ఆరోగ్య కార్యక్రమంలో ఇద్దరు టీచర్లకి శిక్షణ ఇచ్చి వారానికి ఒక గంట కేటాయించాలని ఉంది. దాని 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం, మనుషుల మధ్య సంబంధాలు, హింస నుంచి రక్షణ కూడా ఉన్నాయి. అంటే కాగితం మీద గంట ఇప్పటికే ఉంది. దాన్ని లెక్కల సారు లాగేసుకోకుండా కాపాడటం హెచ్‌ఎం పని. మార్కులు పోతాయన్న భయానికి 2011లో జోసఫ్ డుర్లాక్ బృందం చేసిన విశ్లేషణ జవాబిస్తుంది. 213 కార్యక్రమాలు, 2,70,034 మంది విద్యార్థుల వివరాలు చూస్తే, ఇలాంటి శిక్షణ పొందినవాళ్లు చదువులో కూడా 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారు. నిద్ర, ఆట రెండూ లేని రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీలకి ఇది ఇంకా ఎక్కువ అవసరం. అక్కడి టెన్షన్‌లో చిన్న మాట కూడా నిప్పురవ్వే.

ఇంట్లో చెప్పే మాట దీనికి ఎదురు నిలుస్తుంది. "కొట్టించుకుని ఇంటికి రాకు, తిరిగి కొట్టి రా" అని చెప్పే తండ్రి చెడ్డవాడు కాదు. తన పిల్లాడు ఎవరికీ లోకువ కాకూడదని అతని ఆరాటం. ఆ ఆరాటాన్ని గౌరవిస్తూనే మాట్లాడాలి. దెబ్బ కాచుకోవడం వేరు, పగ తీర్చుకోవడం వేరు అని చెప్పాలి. నోరు తెరిచి "ఆపు" అనగలిగినవాడు లోకువ కాడని చూపించాలి. ఇంకో సంగతి, పేరెంట్స్‌ని పిలిపించడమే శిక్షగా వాడుతున్నాం. స్టీల్ ప్లాంటులోనో ఫార్మా కంపెనీలోనో నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు రోజు కూలీ పోగొట్టుకుని బడికి వస్తే, ఆ కోపం సాయంత్రం పిల్లాడి వీపు మీదే తేలుతుంది. గొడవ లేనప్పుడు, పేరెంట్స్ మీటింగ్‌లో, పిల్లలే ఒక మధ్యవర్తిత్వాన్ని నటించి చూపిస్తే తల్లిదండ్రులకి ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు.

ఏ బడైనా రేపే మొదలుపెట్టదగ్గ పని ఒకటుంది. ఒక చార్టు మీద బడి పటం గీసి, పేర్లు రాయకుండా, భయం వేసే చోట ఎర్ర చుక్క పెట్టమని పిల్లల్ని అడగాలి. మెట్ల మలుపు, మరుగుదొడ్ల దారి, సైకిల్ స్టాండ్, ఆటో ఎక్కే చోటు, హాస్టల్లో పై అంతస్తు. చుక్కలు ఎక్కడ గుమిగూడితే ఇంటర్వెల్‌లో అక్కడ ఒక టీచరు నిలబడాలి. కొన్నిసార్లు కారణం మనుషుల్లో ఉండకపోవచ్చు. మధ్యాహ్న భోజనం తర్వాత మూడు వందల మంది పిల్లలకి మూడే కుళాయిలు పనిచేస్తుంటే, రోజూ తోపులాట జరుగుతుంది, దానిలోంచే రోజూ ఒక తగువు పుడుతుంది. అక్కడ పాడైన కుళాయిలు బాగు చేయించి, తరగతికి అయిదు నిమిషాల తేడాతో గంట కొట్టాలి. నెల తర్వాత అదే పటం మళ్లీ ఇచ్చి, చుక్కలు ఎక్కడికి కదిలాయో పిల్లలతో కలిసి చూడాలి.